గంగకు ఎగువన, బ్రహ్మపుత్రకు దిగువన

భూపేన్ హజారికా పాట ఒకటి రెండు నదుల పేర్లతో దేశమంతా తిరిగింది. అస్సామీలో ఆయన దాన్ని లుయిత్‌ను ఉద్దేశించి పాడారు. అస్సాం జనం బ్రహ్మపుత్రను సొంతంగా పిలుచుకునే పేరు అది. హిందీలోకి వచ్చేసరికి బాణీ అదే, నిలదీత అదే, పేరు మాత్రం గంగ అయింది. ఒడ్డున జనం కష్టాల్లో ఉంటే ఉలుకూ పలుకూ లేకుండా ఎలా పారుతున్నావని నదిని అడిగే పాట. దాని వెనక మూడో నది కూడా ఉంది. అమెరికాలో చదువుకునే రోజుల్లో హజారికాకు పాల్ రాబ్సన్‌తో పరిచయమైంది. మిసిసిపీ మీద రాబ్సన్ పాడిన పాట ఈ పాటకు ప్రేరణ.

పేరు మారినంత మాత్రాన పాట మారదనుకుంటాం. రెండింటినీ వెంటవెంటనే వింటే తేడా తెలుస్తుంది. అస్సామీ పాటలో లుయిత్ వయసు మళ్లిన మగవాడు. ఇంట్లో జరిగేదంతా చూస్తూ నోరు విప్పని పెద్దాయనను నిలదీసినట్టు ఉంటుంది ఆ గొంతు. హిందీలో అదే ప్రశ్న తల్లిని తాకుతుంది. పెద్దాయన మౌనం కోపం తెప్పిస్తుంది. తల్లి మౌనం కోపంతోపాటు బెంగ కూడా కలిగిస్తుంది. ఒకే బాణీలో రెండు నదులూ ఇమిడాయంటే అది వాటి చుట్టరికం. ఇమిడి కూడా వేరువేరుగా వినిపిస్తున్నాయంటే అది వాటి భేదం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, విడివిడిగా చూసినప్పుడు కంటికి ఆనని సంగతి ఒకటి బయటపడుతుంది: మన దేశం ఒక నదికి ఎగువన, ఇంకో నదికి దిగువన ఉంది. ఒక నది దగ్గర మనం చెప్పే న్యాయం ఇంకో నది దగ్గర మనకే ఎదురవుతుంది.

తెలుగు పాఠకులకు గంగను పరిచయం చేయనక్కరలేదు. శ్రీనాథుడు కాశీఖండాన్ని తెలుగు చేసి ఆరు శతాబ్దాలు కావస్తోంది. కోనసీమలోని ముంగండ వాడైన జగన్నాథ పండితరాయలు షాజహాన్ కొలువులో పేరు తెచ్చుకుని గంగాలహరి రాశాడు. ఒక్కో శ్లోకానికి గంగ ఒక్కో మెట్టు ఎక్కి వచ్చిందని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1830లో మద్రాసు నుంచి పరివారంతో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రను మజిలీ మజిలీకీ రాసి పెట్టాడు. కాశీ వెళ్లొచ్చాక సమారాధన చేసి, మూత బిగించిన చెంబులోని గంగను పూజించడం ఎన్నో ఇళ్లలో ఉన్నదే.

బ్రహ్మపుత్ర సంగతి అలా కాదు. అది మనకు పాఠ్యపుస్తకంలోని భూగోళంగా వచ్చింది, టీవీలో అస్సాం వరదగా వచ్చింది. పుష్కరాల పట్టికలో మాత్రం దానికి చోటుంది. బృహస్పతి ధనూరాశిలో ఉన్నప్పటి పుష్కరాన్ని బ్రహ్మపుత్రకు చెబుతారు. 2019లో అలా వచ్చింది. అయినా ఆ నది ఒడ్డున మన సాహిత్యానికి మజిలీ లేదు. ఒక నదిని మనం చూడకముందే ఎరుగుదుం. ఇంకొకదాన్ని చూసినా ఎరిగినట్టు ఉండదు.

ఈ తేడాకు మూలం పురాణ కథల్లోనే ఉంది. భగీరథుడి కథను ఒకసారి భూగోళంగా చదివి చూడండి. ఆకాశం, శివుడి జడలు, కొండలు, జహ్ను మహర్షి ఆశ్రమం, చివరికి సగర పుత్రుల బూడిద పడి ఉన్న సముద్ర తీరం. మొదలు నుంచి తుది దాకా నది నడిచిన దారి మొత్తం అందులో ఉంది. కాగా కాళికాపురాణం చెప్పే బ్రహ్మపుత్ర కథలో దారి లేదు, గండి ఉంది. బ్రహ్మకూ అమోఘకూ పుట్టిన కొడుకు నీటి రూపంలో కొండల నడుమ కుండంగా నిలిచిపోతాడు. తల్లిని చంపిన పాపం కడుక్కోవడానికి వచ్చిన పరశురాముడు అందులో మునిగి, గొడ్డలితో కొండను చీల్చి ఆ నీటిని మైదానానికి వదులుతాడు. గంగ దిగివచ్చింది, బ్రహ్మపుత్ర బద్దలుకొట్టుకుని వచ్చింది. కొండల అవతల ఏముందో ఈ కథకు తెలియదు. అలాగని రెండు కథలూ పరాయివి కావు. రెండింట్లోనూ నది తనంతట తాను రాదు, ఒక మనిషి పూనికతో వస్తుంది. రెండింట్లోనూ ఆ మనిషిని కదిలించింది కుటుంబంలో జరిగిన చావే. తాతల బూడిదకు గతులు కల్పించాలని ఒకడు, తల్లి రక్తం అంటిన చేయి కడుక్కోవాలని ఇంకొకడు.

గంగను యాత్రికులు ఏటికి ఎదురెక్కి తెలుసుకున్నారు. హరిద్వారం దగ్గర మైదానాన్ని వదిలి, దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసే చోటు దాటి, అటు రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, విష్ణుప్రయాగలను తాకి, ఇటు గంగోత్రి మీదుగా గోముఖం దాకా వెళ్లారు. ప్రతి సంగమానికీ ఒక పేరు, ప్రతి పేరుకూ ఒక కథ. సర్వే వాళ్లు పటాలు గీసేనాటికి దారి ఎప్పుడో తయారై ఉంది.

బ్రహ్మపుత్ర దారి మాత్రం 20వ శతాబ్దం మొదటిదాకా తేలని చిక్కుముడి. టిబెట్‌లో తూర్పుగా పారే యార్లుంగ్ సాంగ్‌పో, అస్సాంలో పడమరగా పారే బ్రహ్మపుత్ర ఒకటేనా? అయితే అంత ఎత్తు నుంచి అంత లోతుకు నది ఎక్కడ దిగుతోంది? దాన్ని తేల్చడానికి బ్రిటిష్ సర్వే శాఖ 1880లో కింథుప్ అనే సిక్కిం మనిషిని ఒక లామా వెంట పంపింది. కింథుప్‌కు చదవడం, రాయడం రాదు. వెంట వెళ్లిన లామా అతన్ని దారిలో బానిసగా అమ్మేసి తన దారిన తాను పోయాడు. కింథుప్ తప్పించుకుని ఒక బౌద్ధ మఠాన్ని ఆశ్రయించాడు. అక్కడ కొలువు చేస్తూనే, యాత్రకని సెలవు అడిగి, అడవిలో 500 దుంగలు నరికి గుర్తులు పెట్టి దాచాడు. లాసా వెళ్లి, ఫలానా రోజుల్లో దుంగలు వదులుతున్నానని డార్జిలింగ్‌కు ఉత్తరం రాయించాడు. తిరిగొచ్చి, అనుకున్న గడువుకు రోజుకు 50 చొప్పున పది రోజులు నదిలో వదిలాడు. ఉత్తరం అందాల్సినవారికి వేళకు అందలేదు. అస్సాంలో ఆ దుంగల కోసం ఎవరూ కాపు కాయలేదు. నాలుగేళ్లకు ఇల్లు చేరిన అతను చెప్పింది చాలామంది నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు అధికారులు ఆ లోయలోకి వెళ్లి వచ్చాక అతను చెప్పింది చాలావరకు నిజమని తేలింది.

ఆ దుంగలను చూసినవారు లేకపోవచ్చు. కాని ఎగువన ఒకడు నదిలో ఒక కబురు వదిలితే దిగువన దాన్ని అందుకునే ఏర్పాటు ఉండాలన్న పాఠం ఆనాడే ఉంది. ఈ నది రాజకీయమంతా ఇప్పటికీ ఆ పాఠం చుట్టూనే తిరుగుతోంది.

యాత్రికుల జ్ఞానం, సర్వేవాళ్ల జ్ఞానం రెండూ వేరని తేల్చేయబోతే నైన్ సింగ్ అడ్డువస్తాడు. కింథుప్ కంటే ముందే, 1860లలోనూ 70లలోనూ, సాంగ్‌పో వెంట నడిచి కొలతలు తీసిన కుమావూ మనిషి ఆయన. వేషం యాత్రికుడిది. చేతిలో జపమాల. అందులో ఉండాల్సిన పూసలు 108, ఆయన మాలలో ఉన్నవి 100. వంద అడుగులకు ఒక పూస జరిపేవాడు. చుట్టుపక్కలవాళ్లు జపం అనుకున్నారు, ఆయన దూరం లెక్కపెట్టుకున్నాడు. రాసుకున్న కాగితాలు ప్రార్థన చక్రంలో దాచాడు. గంగకు దారి చూపిన యాత్రే బ్రహ్మపుత్ర కొలతకు బట్టలు అరువిచ్చిందన్నమాట. భక్తి, కొలత ఒకదానికొకటి శత్రువులని నమ్మేవారు ఈ మాలను గుర్తుచేసుకోవాలి.

ఇక నేల సంగతి. గంగ హిమాలయం దక్షిణపు వాలున పుట్టి తిన్నగా మైదానంలోకి దిగుతుంది. బ్రహ్మపుత్ర కైలాస మానససరోవర ప్రాంతంలోని హిమానీనదాల్లో పుట్టి, హిమాలయానికి వెనకవైపున దాదాపు 1,600 కి.మీ. తూర్పుకు పారి, 7,782 మీటర్ల నామ్చా బర్వా శిఖరాన్ని చుట్టి వెనుదిరిగి, ప్రపంచంలోనే లోతైన లోయల్లో ఒకదానిగుండా అరుణాచల్‌లో పడుతుంది. అక్కడ దాని పేరు సియాంగ్. పాసిఘాట్ దాటాక దిబాంగ్, లోహిత్ కలిశాక బ్రహ్మపుత్ర. బంగ్లాదేశ్‌లో జమున. సరిహద్దు దాటిన ప్రతిచోటా పేరు మార్చుకునే నది ఇది.

దీన్ని బట్టి గంగ మన ఇంటి నది, బ్రహ్మపుత్ర బయటి నుంచి వచ్చిన నది అనుకుంటే పొరపాటే. గంగలో కలిసే ఘాఘరా నేపాల్లో కర్ణాలీ. అది పుట్టింది టిబెట్‌లో, మానససరోవరానికి అట్టే దూరం లేని చోట. గండక్, కోసి కూడా నేపాల్ మీదుగా వచ్చేవే. ఎండాకాలంలో మధ్య గంగను నిలబెట్టే నీటిలో పెద్ద వంతు ఈ నేపాల్ నదులదే. మరోవైపు బ్రహ్మపుత్ర నీటిలో పెద్ద వంతు టిబెట్ మంచు కాదు. మలుపు తిరిగాక మన వైపు కురిసే వానలే. మన సొంతమనుకున్న నది సగం ఇరుగుపొరుగుది, పరాయిదనుకున్న నది సగానికి పైగా మనది.

ఒడ్డుల దగ్గర భేదం మళ్లీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాశీలో 80కి పైగా ఘాట్లు. ఇప్పుడు మనం చూసే రాతి మెట్లలో చాలావరకు 18వ శతాబ్దంలో మరాఠా పాలకుల చలవతో కట్టినవి. రాతి మెట్టు కట్టడమంటే నది ఏటేటా ఇక్కడికే వస్తుందని నమ్మడం. నది ఎక్కినా దిగినా మెట్లు అక్కడే ఉంటాయి. మనిషి నాలుగు మెట్లు పైకో కిందికో జరుగుతాడు.

మజులిలో ఆ నమ్మకానికి తావు లేదు. బ్రహ్మపుత్ర నడుమ ఉన్న ఆ లంక విస్తీర్ణం 19వ శతాబ్దంలో 1,200 చదరపు కి.మీ.కు పైనే ఉండేదని లెక్కలు చెబుతాయి. ఇప్పుడు అందులో సగం కూడా లేదు, మిగతాది నది కోసుకుపోయింది. శంకరదేవుడు, మాధవదేవుడు నాటిన వైష్ణవానికి అది పట్టుగొమ్మ. సత్రాలనే అక్కడి మఠాల్లో కొన్ని కోతకు లోనై చోటు మారాయి, కొన్ని లంకనే వదిలి గట్టుకు వెళ్లాయి. మిషింగ్ జనం ఇళ్లు వెదురు గుంజల మీద నేలకు ఎత్తుగా ఉంటాయి. కింద నీళ్లు పారుతుంటే పైన సంసారం సాగుతుంది. కాశీ తన శాశ్వతత్వాన్ని రాతికి అప్పగిస్తే మజులి తనది మనుషులకు అప్పగించింది. అక్కడ నిలిచేది గోడ కాదు. బర్‌గీత్ పాడే గొంతు నిలుస్తుంది, భావనా నాటకం ఆడే ఒళ్లు నిలుస్తుంది, వెదురు, మట్టి, గుడ్డ కలిపి ముఖాలు చేసే సమాగురి సత్రం వేళ్లు నిలుస్తాయి. సత్రం కదిలినా పాఠం కదలదు.

ఇక్కడ కూడా రెండో మాట ఉంది. గంగ అంతా కాశీ కాదు. కాశీ గట్టి కంకర నేల మీద కూర్చుంది కాబట్టి నిలకడగా ఉంది. మాల్దా, ముర్షిదాబాద్ జిల్లాల్లో అదే గంగ ఊళ్లకు ఊళ్లను మింగుతోంది. గంగ ఉపనది కోసి రెండు శతాబ్దాల్లో నూరు కి.మీ.కు పైగా పడమరకు జరిగింది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర గట్టు తెంచుకుని, వదిలేసిన పాత దారిలోకి మళ్లి బిహార్‌ను ముంచింది. అదేవిధంగా బ్రహ్మపుత్ర అంతా మజులి కాదు. గువాహటి దగ్గర రెండు వైపులా రాతి కొండలు నదిని ఒకటిన్నర కిలోమీటరుకు లోపే బిగించి పట్టుకున్నాయి. 1671లో అహోం సేనాని లచిత్ బర్‌ఫుకన్ మొగలు నౌకాదళాన్ని సరాయిఘాట్‌లో ఓడించగలగడానికి ఆ బిగింపు సాయపడింది. నీలాచలం మీది కామాఖ్య, నది నడుమ రాతిదిబ్బ మీది ఉమానంద స్థిరంగా ఉన్నాయంటే ఆ రాతి చలవే.

నది కదిలిపోయినా పుణ్యం కదలదనడానికి రెండు వైపులా సాక్ష్యం ఉంది. కోల్‌కతాలోని కాళీఘాట్ గుడి ఆదిగంగ ఒడ్డున ఉంది. ఒకప్పుడు గంగ పెద్దనీళ్లు పారిన దారి అది. ఇప్పుడు సన్నని మురుగు కాలువ. భక్తుడికి అది ఇప్పటికీ గంగే. బంగ్లాదేశ్‌లో నారాయణ్‌గంజ్ దగ్గరి లంగల్‌బంద్‌లో చైత్ర శుద్ధ అష్టమినాడు లక్షలమంది మునిగేది పాత బ్రహ్మపుత్రలో. అసలు నది అక్కడి నుంచి పడమరకు వెళ్లిపోయి రెండు శతాబ్దాలు దాటింది. పరశురాముడి పాపం కడిగిన నీరు ఇదేనన్న నమ్మకం మాత్రం పాత పాయలోనే మిగిలింది. గంగ విషయంలో ఇది ఇంకా పెద్దది. బెంగాల్ హిందువుకు పవిత్రమైనది హుగ్లీ పాయ, నీటిలో అధికభాగం వెళ్లేది పద్మ పాయలోకి. పుణ్యం ఒక పాయలో, నీళ్లు ఇంకో పాయలో. సరిహద్దు గొడవ సరిగ్గా ఈ చీలిక దగ్గరే మొదలైంది.

గంగ దగ్గర గొడవ ఎండాకాలానిది. శతాబ్దాలుగా తోడుకునే నది అది. 1854లోనే బ్రిటిష్ ఇంజనీరు కాట్లీ హరిద్వారం నుంచి గంగ కాలువ పారించాడు. ఆ తర్వాత కాలువలు, బోర్లు, నగరాలు అన్నీ తమ వంతు పుచ్చుకున్నాయి. చివరికి ఫరక్కా చేరేసరికి మిగిలేది పంచుకోవాలి. హుగ్లీలో ఇసుక మేట వేసి కోల్‌కతా రేవు మూసుకుపోతోందని, 40 వేల క్యూసెక్కులు అటు మళ్లించడానికి భారత్ రెండు కి.మీ.కు పైగా పొడవైన బ్యారేజీ కట్టింది. బంగ్లాదేశ్ సరిహద్దుకు 20 కి.మీ. కూడా లేదు. 1975 ఏప్రిల్‌లో 41 రోజుల ఏర్పాటుతో గేట్లు తెరిచారు. ఏర్పాటు గడువు ముగిసినా మళ్లింపు ఆగలేదు. మరుసటి ఏడు మే 16న, 90 ఏళ్లు దాటిన బంగ్లాదేశ్ నేత మౌలానా భాషానీ రాజ్‌షాహీ నుంచి వేలమందితో ఫరక్కా వైపు నడిచాడు.

20 ఏళ్ల తర్వాత, 1996 డిసెంబరు 12న దేవెగౌడ, షేక్ హసీనా సంతకం చేసిన ఒప్పందం లెక్క ఇలా ఉంటుంది. జనవరి 1 నుంచి మే 31 దాకా పది రోజులకోసారి ఫరక్కా నీటిని కొలుస్తారు. 70 వేల క్యూసెక్కులు, అంతకు లోపు ఉంటే చెరి సగం. 70 నుంచి 75 వేల మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కు 35 వేలు, మిగతాది మనకు. 75 వేలు దాటితే మనకు 40 వేలు, మిగతాది వారికి. ఎండ ముదిరిన మార్చి 11 నుంచి మే 10 వరకు ఒక పది రోజులు మనకు, ఒక పది రోజులు వారికి 35 వేలకు హామీ. 30 ఏళ్లకని రాసుకున్న ఈ ఒప్పందానికి గడువు 2026 డిసెంబరు.

బ్రహ్మపుత్ర దగ్గర గొడవ వానాకాలానిది. ఇక్కడ కొరత కంటే భయం ఎక్కువ. 1950 ఆగస్టు 15 నాటి 8.6 తీవ్రత భూకంపం కొండలను విరిచి నదిలో పోసింది. అడుగు పైకి లేచి దిబ్రూగఢ్ కోతకు చిక్కింది. 2000 ఏప్రిల్‌లో టిబెట్‌లోని యీగాంగ్ లోయలో కొండ విరిగిపడి ఉపనదికి అడ్డుకట్ట పడింది. జూన్‌లో అది తెగి సియాంగ్ లోయలోకి వెల్లువ దూకింది. వంతెనలు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. ముందస్తు కబురు లేదు. 2002లో భారత్, చైనా వరద రోజుల్లో నీటిమట్టాల సమాచారం ఇచ్చిపుచ్చుకునే అవగాహనకు వచ్చాయి. దోక్లాం ఉద్రిక్తత నడిచిన 2017లో ఆ సమాచారం రాలేదని భారత్ చెప్పింది. కొలిచే కేంద్రాలను బాగుచేస్తున్నామని చైనా చెప్పింది. ఆ అవగాహన గడువు 2023లో తీరిపోయింది. 2025 జూలైలో చైనా ప్రధాని లి చియాంగ్ మహా మలుపు దగ్గర మెదోగ్ జలవిద్యుత్ ప్రాజెక్టు పనులు ప్రారంభించారు. దాని సామర్థ్యం దాదాపు 60 వేల మెగావాట్లని అంచనా, చైనాలోనే ఉన్న త్రీ గోర్జెస్ ఆనకట్టకు సుమారు మూడు రెట్లు. దానికి జవాబుగా మన ప్రభుత్వం ఎగువ సియాంగ్‌లో 11 వేల మెగావాట్ల ఆనకట్ట తలపెడితే, మునిగేది తమ ఊళ్లేనని ఆది తెగ జనం ఎదురుతిరిగారు.

రెండు గొడవలనూ ఒకే గాటన కట్టకూడదు. ఫరక్కా ఎండాకాలంలో నీటిని నిజంగా పక్కకు మళ్లిస్తుంది; మెదోగ్ కరెంటు తీసుకుని నీటిని నదికే వదులుతుందని చైనా అంటోంది. గంగకు రాతకోతలున్నాయి, బ్రహ్మపుత్రకు అలాంటివి లేవు. ఫరక్కా లెక్కలు రెండు దేశాల మనుషులు కలిసి కూర్చుని తీస్తారు. మెదోగ్‌లో మన మనిషి అడుగుపెట్టే వీలే లేదు. ఈ తేడాలను తుడిచేసే పోలిక నిజాయితీ గల పోలిక కాదు.

తేడాలన్నీ ఒప్పుకున్నా ఒక పోలిక మిగిలే ఉంటుంది. ఎగువవాడి మాట అన్నిచోట్లా ఒకటే: నా నేల మీది నీరు నాది, నీకు నష్టం లేదు, నన్ను నమ్ము. దిగువవాడి మాట కూడా ఒకటే: ముందు చెప్పు, లెక్క చూపించు, నన్ను అడిగి చెయ్యి. మెదోగ్ గురించి మనం బీజింగ్‌తో అంటున్నది, ఫరక్కా గురించి ఢాకా మనతో 50 ఏళ్లుగా అంటున్నదే. 1997లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ నదుల ఒప్పందాన్ని ఓటుకు పెట్టినప్పుడు ఈ సంగతి చేతులెత్తిన తీరులోనే తేలిపోయింది. చైనా వ్యతిరేకించింది. బంగ్లాదేశ్ సమర్థించింది. రెండు పాత్రలూ ఉన్న భారత్ ఓటు వేయకుండా ఊరుకుంది.

తెలుగువాళ్లకు ఈ భాష బాగా తెలుసు. కృష్ణ మీద ఆల్మట్టి ఎత్తు పెంచుతారన్నప్పుడల్లా దిగువ రాష్ట్రాలుగా మన గుండె గుబేలుమంటుంది. మనలో మనకే ఎగువ, దిగువ తగవులు తేలలేదు. కాలువ చివర శివారు భూముల రైతుకు తెలిసిన సత్యాన్ని దేశాల మధ్య చర్చలో మనం మరిచిపోకూడదు. దిగువన నిలబడి ఏడ్చినవాడు ఎగువకు వెళ్లాక ఆ ఏడుపును గుర్తుంచుకోవడమే నదీ న్యాయానికి పునాది.

బంగ్లాదేశ్‌లో ఈ రెండు కథలూ ఒకటవుతాయి. గోవాలందో దగ్గర పద్మగా మారిన గంగలో జమునగా మారిన బ్రహ్మపుత్ర కలుస్తుంది. చాంద్‌పూర్ దగ్గర మేఘనను కలుపుకుని సముద్రానికి పోతాయి. ఈ సంగమం అనాది కాదు. 1787 నాటి వరదల తర్వాత కొన్ని దశాబ్దాల్లో బ్రహ్మపుత్ర దారి మార్చుకున్నాకే ఇక్కడ పడింది. అంతకుముందు అది తూర్పున మేఘనలో కలిసేది. ప్రయాగకున్నంత పేరు దీనికి లేదు, కుంభమేళా లేదు. నీటి లెక్కన చూస్తే మన ఉపఖండంలో ఇంతకంటే పెద్ద సంగమం లేదు. మాణిక్ బందోపాధ్యాయ 1936లో పుస్తకంగా తెచ్చిన 'పద్మా నదీర్ మాఝీ' నవలలో జాలరులకు నది తల్లీ కాదు, పెద్దాయనా కాదు. ఈ రాత్రి ఇలిష చేప పడుతుందా లేదా, ఈ వరదకు గుడిసె మిగులుతుందా లేదా అన్నదే వారికి నది. వలలో పడిన నీటిలో ఏది గంగ, ఏది బ్రహ్మపుత్ర అని వారు వేరు చేయరు.

ఆ నీటితోపాటు వచ్చే ఒండ్రు ఏటా సుమారు వంద కోట్ల టన్నులు. డెల్టాను కట్టింది అదే, సముద్రం అడుగున శ్రీలంకను దాటి వేల కిలోమీటర్లు పరుచుకున్న బెంగాల్ మేటను పోసింది అదే. కోత ఒకచోట మింగిన నేలను మేట ఇంకోచోట కక్కితేనే అక్కడి లంకల్లో లక్షలమంది బతుకుతారు. సముద్రం ఎక్కివస్తున్న కాలంలో డెల్టాను ఎత్తి నిలబెట్టగలిగేది కూడా ఈ మట్టే. అలాంటి మట్టి మాట 1996 ఒప్పందం ఎత్తదు, వరద సమాచార అవగాహన కూడా ఎత్తదు. ఒకటి క్యూసెక్కులే లెక్కపెట్టింది, ఇంకొకటి నీటిమట్టాలే చెప్పింది. మజులి జనానికీ, పద్మ జాలరులకూ తెలిసిన సంగతి ఒప్పందాలు రాసేవారి దాకా చేరలేదు.

పవిత్రత గంగను కాపాడలేదు. 1986లో గంగా కార్యాచరణ ప్రణాళిక మొదలైంది, 2014లో నమామి గంగే వచ్చింది. కాన్పూర్ తోళ్ల కార్ఖానాల మురుగు, నగరాల మురుగు పూర్తిగా ఆగలేదు. తల్లి ఎన్నటికీ మైలపడదన్న నమ్మకమే నిర్లక్ష్యానికి సాకైంది. అలాగే భయం బ్రహ్మపుత్రను కాపాడలేదు. భయపడి కట్టిన ఏటిగట్లు నదిని ఇరుకు చేస్తే, నడుమ మేట పేరుకుని తెగినచోట దెబ్బ ఇంకా పెద్దదైంది. గంగ సంప్రదాయం నుంచి బ్రహ్మపుత్ర నేర్చుకోవాల్సింది ఉంది: నదిని మొదలు నుంచి తుది దాకా ఒకే ప్రాణిగా, ఒకే కథగా చూడడం. బ్రహ్మపుత్ర సంప్రదాయం నుంచి గంగ నేర్చుకోవాల్సింది ఉంది: నదికి కదిలే హక్కు ఉందని ఒప్పుకుని మనిషే కాస్త ఎత్తున ఇల్లు కట్టుకోవడం.

గంగ ఒప్పందాన్ని తిరిగి రాసుకోవాల్సిన వేళలోనే మెదోగ్ పనులు సాగుతుండడం మనకొక అవకాశం. బీజింగ్ నుంచి మనం కోరుకునేవన్నీ ముందు ఢాకాకు మనమే ఇవ్వాలి: వానాకాలమే కాక ఏడాది పొడవునా సమాచారం, నీటితోపాటు మట్టి లెక్క, పని మొదలుపెట్టకముందే కబురు, ఒడ్డున ఉండేవాళ్ల మాటకు చోటు. మాల్దా రైతు, రాజ్‌షాహీ జాలరి కలిసి కూర్చునే బల్ల ఒకటి ఫరక్కా దగ్గర వేయగలిగితే, సియాంగ్ ఒడ్డున ఆది తెగ పెద్దకు కూడా అలాంటి బల్ల మన దేశమే ముందు వేయాలి. దీనితో చైనా మెత్తబడుతుందన్న హామీ లేదు. కాని ఎగువన ఉన్నప్పుడు చేసి చూపని న్యాయాన్ని దిగువన నిలబడి అడిగితే ఆ గొంతుకు బలం ఉండదు. హజారికా ప్రశ్న నదికి వేసిందే కావచ్చు. లుయిత్ పేరుతో విన్నా, గంగ పేరుతో విన్నా జవాబు చెప్పాల్సింది ఒడ్డున ఉన్న మనమే, అదీ రెండు నదుల దగ్గరా ఒకే జవాబు.